కార్డు కంటే ముందు టేపు: నా గేమింగ్ పీసీ డైరీ

1వ రోజు

పాత పీసీకి సెలవు ఇచ్చేద్దామని ఇవాళ గట్టిగా అనేసుకున్నా. ఇంటెల్ ఐ5-6500 ప్రాసెసర్, జీటీఎక్స్ 1060 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్. పాపం దాని తప్పేం లేదు, ఇన్నేళ్లూ నోరెత్తకుండా పనిచేసింది. కానీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ వాళ్లవి దాదాపుగా 8వ తరం నుంచే ఉన్నాయి, నాదేమో 6వ తరం. పైగా ఈ మధ్య వచ్చే గేముల్లో కొన్ని రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల లెక్కతో బొమ్మ గీసే పద్ధతి) హార్డ్‌వేర్ లేని కార్డు కనిపిస్తే అసలు మొదలే కావు. 1060లో అది లేదు. సెట్టింగ్స్ ఎంత కిందికి దించినా లాభం లేని చోటికి వచ్చేశామన్నమాట.

రాత్రి కూర్చుని లిస్టు రాశా. పొద్దున లేచి చూసుకుంటే అందులో మొట్టమొదట ఉన్నవి మూడు ఆర్‌జీబీ (రంగుల లైట్ల) ఫ్యాన్లు, తర్వాత అక్వేరియంలా నాలుగు పక్కలా గాజు ఉన్న కేసు, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్ ఎదురుగా ప్రశ్నార్థకం. మా తమ్ముడు ఆ కాగితం చూసి, "అన్నా, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే" అన్నాడు. వాడు ఇదివరకే రెండు పీసీలు బిగించాడు కాబట్టి పడక తప్పదు. కాగితం చింపేశా.

2వ రోజు

గేమింగ్ పీసీ అనగానే అందరూ ముందు గ్రాఫిక్స్ కార్డు ఎంచుకో అంటారు. నిజమే, డబ్బులో పెద్ద ముక్క పోయేది అక్కడే. కానీ ఆ కార్డు ఏ స్క్రీన్‌ని నడపాలి అన్నది తేలకుండా కార్డు ఎలా ఎంచుకుంటాం? నా దగ్గరున్నది 1080పీ, 60 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చేది. దీనికి పెద్ద కార్డు కొంటే ఎడ్లబండికి విమానం ఇంజన్ కట్టినట్టే.

అందుకని ముందు లెక్క వేశా. 1920 బై 1080 అంటే ఒక్కో ఫ్రేముకి, అంటే ఒక్కో బొమ్మకి, సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. 2560 బై 1440 అంటే 36.9 లక్షలు, అంటే దాదాపు 1.8 రెట్లు. 4కె అయితే 82.9 లక్షలు, సరిగ్గా నాలుగు రెట్లు. ఇదంతా కార్డు మోయాల్సిన బరువు. ఇక హెర్ట్జ్ సంగతి వేరు. 60 హెర్ట్జ్‌కి ఒక్కో ఫ్రేము తయారు చెయ్యడానికి 16.7 మిల్లీసెకన్ల టైమ్ ఉంటుంది, 165కి 6 మిల్లీసెకన్లే. ఆ 6 లోపల కార్డు ఒక్కటే కాదు, ప్రాసెసర్ కూడా తన వంతు పని ముగించాలి. రిజల్యూషన్ పెంచితే కార్డుకి బరువు, ఫ్రేములు పెంచితే ఇద్దరికీ బరువు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఎన్ని రాత్రులు మిగిలేవో.

మధ్యాహ్నం తమ్ముడు ఒక చిన్న పరీక్ష చేయించాడు. పాత పీసీలోనే ఒక గేమ్ తెరిచి, జనం గుంపుగా ఉన్న వీధిలో బొమ్మని నిలబెట్టి సెకనుకి ఎన్ని ఫ్రేములో చూడమన్నాడు. 1080పీలో 41. రిజల్యూషన్ 720పీకి దించితే ఎంత రావాలి? నేను 60 అనుకున్నా. వచ్చింది 43. కార్డుకి పని సగానికి పైగా తగ్గించినా ఫ్రేములు కదల్లేదంటే అడ్డం పడుతున్నది కార్డు కాదు, నాలుగు కోర్లూ 100 శాతంలో మూలుగుతున్న ప్రాసెసర్. అదే గేములో ఊరు దాటి అడవిలోకి వెళ్లి మళ్లీ చూస్తే 720పీలో ఫ్రేములు బాగా పెరిగాయి, అంటే అక్కడ అడ్డు కార్డే. ఒకే మెషీన్, ఒకే గేమ్, రెండు చోట్ల ఇద్దరు దొంగలు. "బాటిల్‌నెక్ (ఒక భాగం మిగతావాటికి అడ్డుపడటం) ఎంత శాతం" అని ఒక అంకె చెప్పే లెక్కల మీద ఆ క్షణమే నమ్మకం పోయింది.

తేలింది ఇదీ: 27 అంగుళాలు, 1440పీ, 165 హెర్ట్జ్. మిగతావన్నీ దీని వెనకాలే.

5వ రోజు

మూడు రోజులు కార్డుల మీదే పోయాయి. చివరికి మిగిలినవి రెండు: ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5070, ఏఎండీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 9070. రెండూ 2025 మార్చిలో ఒక రోజు తేడాతో వచ్చినవే.

కాగితం మీద పోలిస్తే సరదాగా ఉంటుంది. 9070లో 16 జీబీ మెమరీ, 256 బిట్ల బస్సు (చిప్పుకీ మెమరీకీ మధ్య దారి). 5070లో 12 జీబీ, 192 బిట్లు. బస్సు వెడల్పు ఒక్కటే చూస్తే 9070 చాలా ముందున్నట్టు కనిపిస్తుంది, నేనూ అలాగే అనుకుని తమ్ముడికి లెక్చర్ ఇచ్చా. వాడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాడు. 5070లో ఉన్నది జీడీడీఆర్7, ఒక్కో పిన్నుకి సెకనుకి 28 గిగాబిట్లు, 192తో గుణించి 8తో భాగిస్తే సెకనుకి 672 జీబీ. 9070లో ఉన్నది జీడీడీఆర్6, 20 గిగాబిట్లు, 256తో అదే లెక్క వేస్తే 640 జీబీ. సన్న రోడ్డు మీద బండ్లు వేగంగా పోతున్నాయంతే. నా లెక్చర్ అక్కడితో ముగిసింది.

కానీ సామర్థ్యం వేరు సంగతి. 12 జీబీ ఇవాళ 1440పీకి ఎక్కువ చోట్ల సరిపోతుంది. నేను కార్డు మార్చేది ఎప్పుడో ఏళ్లకి ఒకసారి కదా, 1060 చూస్తే తెలుస్తూనే ఉంది. కార్డులో మెమరీ నిండిపోయినప్పుడు ఏమవుతుందో దానితోనే బోలెడన్ని సార్లు చూశా. సగటు ఫ్రేములు బాగానే చూపిస్తాయి, కానీ మలుపు తిరగ్గానే ఒక్క కుదుపు, గోడల మీద టెక్స్చర్లు మైనం కరిగినట్టు మసకగా వచ్చి రెండు సెకన్ల తర్వాత గానీ తేరుకోవు. సగటు ఎంత అన్నది కాదు, ఆ కుదుపే ఆటని పాడు చేసేది. అందుకే చార్టుల్లో సగటు పక్కన ఉండే ఒక శాతం కనిష్ఠం (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం) అంకె చూడ్డం అలవాటు చేసుకున్నా.

5070 వైపు కూడా గట్టి వాదనలే ఉన్నాయి. డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మని పెద్దది చేసే ఎన్‌విడియా పద్ధతి) చాలా గేముల్లో ఉంది, బొమ్మలు రెండర్ చేసే పనులకి ఆ కార్డులే అలవాటైన సాఫ్ట్‌వేర్లు ఎక్కువ. మల్టీ ఫ్రేమ్ జనరేషన్ అని ఒక అసలు ఫ్రేముకి ఒకటికి మించి కొత్త ఫ్రేములు పుట్టించే విద్య కూడా ఉంది. చూడ్డానికి నున్నగా ఉంటుంది గానీ మౌస్ కదిపినప్పుడు స్పందన అసలు ఫ్రేముల వేగాన్నే బట్టి ఉంటుంది, 30 ఫ్రేముల ఆటని 120గా చూపించినా చేతికి 30 లాగే తగులుతుంది. నాకది పెద్దగా ఎక్కలేదు. ఎవరికైనా ఎక్కితే వాళ్లది తప్పు అనను.

9070 వాడకం 220 వాట్లు, 5070ది 250. నా గది చిన్నది, వేడి తక్కువైతే అంతే చాలు. పవర్ కనెక్టర్ కూడా నాకు ముఖ్యమైంది. 5070కి సాధారణంగా 16 పిన్నుల కొత్త కనెక్టర్ ఉంటుంది, 9070 కార్డుల్లో చాలావాటికి పాత పద్ధతి 8 పిన్నులవి రెండు. కొత్తది చెడ్డదని కాదు, పూర్తిగా లోపలికి నొక్కి, మొదట్లోనే వంచకుండా ఉంచితే సరే. నా చేతుల సంగతి నాకు తెలుసు కాబట్టి పాత 8 పిన్నులే మేలు అనిపించింది.

9070 ఖాయం.

8వ రోజు

ప్రాసెసర్ దగ్గర మనసు ఏఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డీ మీదకి పోయింది. 96 ఎంబీ ఎల్3 క్యాష్, గేములకి దానంత పేరు ఇంకో దానికి రావడానికి చాలా కాలం పట్టింది. మామూలు 7600లో ఉన్నది 32 ఎంబీ. గేమ్ మాటిమాటికీ అడిగే డేటా ప్రాసెసర్ లోపలే దొరికితే ర్యామ్ దాకా పరిగెత్తే పని తగ్గుతుంది, ఆ పెద్ద క్యాష్ మహత్యం అంతా అదే. పోటీ షూటింగ్ గేములు 1080పీలో ఆడేవాళ్లయితే, వందల యూనిట్లు ఒకేసారి కదిలే స్ట్రాటజీ గేములు ఆడేవాళ్లయితే కళ్లు మూసుకుని అది తీసుకోవచ్చు. నేను 1440పీలో, 9070తో, ఎక్కువగా కథ ఉన్న గేములు ఆడేవాణ్ని. ఎక్కువసేపు కార్డే రొప్పుతూ ఉంటుంది, ప్రాసెసర్ దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. రైజెన్ 5 7600 చాలు. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్ల రేటింగ్, డబ్బాలో కూలర్ కూడా వస్తుంది. పైగా దాన్ని పెట్టే ఏఎం5 సాకెట్‌కి (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) 2027 దాకా, ఆపైన కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది, కాబట్టి మూడేళ్ల తర్వాత బుద్ధి పుడితే బోర్డు మార్చకుండా పెద్దది వేసుకోవచ్చు. 65 వాట్లు అన్నది పేరుకే, పూర్తి బరువు మీద సాకెట్ 88 వాట్ల దాకా లాగుతుంది. పవర్ సప్లై లెక్కలో ఆ 88నే వేసుకున్నా.

బోర్డు గురించి పెద్దగా రాయడానికేం లేదు. బీ650 రకం, మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు, ఎస్‌ఎస్‌డీలకి రెండు ఎం.2 స్లాట్లు, వోల్టేజ్ సర్క్యూట్ మీద హీట్‌సింకులు, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ (బోర్డుని మేల్కొలిపే సొంత ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసే బటన్. ఆఖరిదొక్కటి మాత్రం పట్టుబట్టి తీసుకున్నా. తర్వాతి తరం చిప్పు వేద్దామనుకున్న రోజు బోర్డు దాన్ని గుర్తుపట్టకపోతే పాత చిప్పు కోసం వీధులు పట్టుకు తిరగాలి.

ర్యామ్ దగ్గర మాత్రం ఆగా. డీడీఆర్5 డబ్బాల మీద 5200, 5600, 6000 అని పెద్ద అక్షరాలతో వేగం ఉంటుంది, పక్కన సన్నగా సీఎల్ అని ఇంకో అంకె. రెండూ కలిపి చూడాలి. సీఎల్‌ని 2000తో గుణించి వేగంతో భాగిస్తే మొదటి డేటా రావడానికి ఎన్ని నానోసెకన్లో వస్తుంది. 6000 సీఎల్30 అంటే 10 నానోసెకన్లు. 6000 సీఎల్36 అంటే 12. 5200 సీఎల్40 అంటే 15.4. పాత డీడీఆర్4 3200 సీఎల్16 కూడా 10నే, అంటే అంకె పెద్దదైనంత మాత్రాన కొత్తది చురుకైనదని కాదు. 6000 సీఎల్30, 16 జీబీవి రెండు తీసుకున్నా. నాలుగు స్లాట్లున్నాయి కదా అని 8 జీబీవి నాలుగు వేద్దామనుకునేవాళ్లు ఆగండి: ఈ ప్రాసెసర్‌కి నాలుగు స్టిక్కులు వేస్తే ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600కి పడిపోతుంది.

ఎస్‌ఎస్‌డీ 2 టీబీ, పీసీఐఈ 4.0, టీఎల్‌సీ రకం. సెకనుకి 14,000 ఎంబీ అనే పీసీఐఈ 5.0వి చూసి కాసేపు నోరూరింది, కానీ గేమ్ లోడ్ అయ్యే టైములో 7,000 దానికీ దీనికీ తేడా కనిపెట్టాలంటే స్టాప్‌వాచ్ కావాలి. వదిలేశా.

12వ రోజు

కేసు వచ్చింది. ముందంతా జాలీ ఉన్నది, గాజు ఒక్క పక్కే. దీని ముచ్చట కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మొత్తం ప్రాజెక్టులో నన్ను బతికించింది ఇవాళ్టి సాయంత్రమే.

నేను అనుకున్న 9070 మూడు ఫ్యాన్లది, పొడవు 320 మిల్లీమీటర్లు. కేసు వివరాల్లో "కార్డు పొడవు 335 దాకా" అని ఉంది. 15 మిగులుతోంది, సరిపోయిందని ఆర్డర్ పెట్టబోతున్నా. తమ్ముడు కేసు వచ్చిన అట్టపెట్టె తెచ్చి కత్తెర చేతికిచ్చి, "కార్డు సైజుకి కొయ్యి" అన్నాడు. నవ్వుకుంటూనే కోశా. 320 పొడవు, 130 ఎత్తు, 52 మందం, మూడు పొరలు టేపుతో అంటించి ఒక ఇటుకలా చేశాం. కేసు లోపల వెనక స్లాట్ దగ్గర ఆనించి ముందుకి తోశా. ముందు ఫ్యాన్‌కి కొట్టుకుని ఆగిపోయింది. ఆ 335 అన్నది ముందు ఫ్యాన్లు లేకుండా కొలిచినదట! ఫ్యాన్ మందం 25 తీసేస్తే మిగిలేది 310. పది మిల్లీమీటర్లు, చిటికెన వేలు మందం కూడా లేదు, దానికోసం కార్డు చేతిలో పట్టుకుని కూర్చునేవాణ్ని.

ఇంకోటి కూడా బయటపడింది. అట్ట ఇటుక పైఅంచు నుంచి గాజు దాకా టేపు పెట్టి చూస్తే 38 మిల్లీమీటర్లు. పవర్ కేబుళ్లు ఆ వైపు నుంచే బయటికొచ్చి వంగాలి. అదృష్టం బాగుండి సరిపోయింది, ఇంకొంచెం ఎత్తైన కార్డయితే గాజు తలుపు కేబుల్‌ని నొక్కుతూ మూసుకునేది.

అప్పుడు కూర్చుని అదే 9070లో రెండు ఫ్యాన్లవి వెతికా. 290 లోపు ఉన్నది ఒకటి దొరికింది. చిప్పు అదే, మెమరీ అదే, ఫ్యాన్లు మాత్రం కాస్త గట్టిగా తిరుగుతాయేమో. మూడో ఫ్యాన్ కోసం కేసు మార్చేంత ప్రేమ లేదు.

కూలర్‌కీ ఇదే గతి. డబ్బాలో వచ్చే చిన్నది పనిచేస్తుంది గానీ బరువు పడితే గొంతెత్తుతుంది. 165 మిల్లీమీటర్ల ఎత్తున్న డబుల్ టవర్ (రెండు రేకుల దొంతరలది) ఒకటి మనసులో ఉంది, కేసులో పట్టేది 160 దాకానే. 155 ఉన్న సింగిల్ టవర్‌కి దిగా. దాని ఫ్యాన్ ర్యామ్ వైపు వస్తుంది కాబట్టి ర్యామ్ కూడా పైన కిరీటాలు లేని పొట్టి రకమే.

13వ రోజు

పవర్ సప్లై. కార్డు 220, ప్రాసెసర్ 88, బోర్డు, డిస్కు, ఫ్యాన్లు కలిపి ఒక 60 అనుకుంటే 370 దగ్గర. కార్డులు సెకనులో వెయ్యో వంతు కూడా లేని సేపు ఒక్కసారిగా ఎగబాకుతాయి, దాని కోసం కొంత ఖాళీ ఉండాలి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 నియమం ప్రకారం పవర్ సప్లై తన రేటింగ్‌కి రెట్టింపు దాకా వచ్చే అలాంటి పోటుని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. ఆ నియమం పాటించే 650 వాట్లది, కరెంటు తక్కువ వృథా చేసే గోల్డ్ రేటింగ్‌ది తీసుకున్నా. 850 ఎందుకు కాదు అని అడిగితే, ఎందుకు అని ఎదురు ప్రశ్న వేస్తా.

20వ రోజు

అన్నీ చేతికొచ్చాయి. పొద్దున మొదలుపెట్టా.

ప్రాసెసర్ పెట్టేటప్పుడు మాత్రం ఇద్దరం మాటలాపేశాం. ఏఎం5లో పిన్నులు చిప్పుకి ఉండవు, 1718 పిన్నులూ సాకెట్‌లోనే ఉంటాయి, గడ్డిలా సన్నగా, అన్నీ ఒకే వైపు వాలి. మూలనున్న బంగారు త్రిభుజం చూసుకుని అంచులు పట్టుకుని వదిలేశా, అదే కూర్చుంది. మీట కిందికి నొక్కేటప్పుడు కిర్రుమని వచ్చిన చప్పుడుకి గుండె ఆగింది. అంత బలం మామూలేనట. "నొక్కన్నా, ఏం కాదు" అంటూనే వాడు కూడా కళ్లు మూసుకున్నాడు.

చిప్పు వేడిని కూలర్‌కి చేర్చే పేస్టు వేశా, కూలర్ అడుగున ప్లాస్టిక్ కాగితం పీకానా లేదా అని రెండుసార్లు తీసి చూశా. పీకేశాను.

మధ్యాహ్నం ఒక గండం తప్పింది. పాత పవర్ సప్లై మాడ్యులరే (కేబుళ్లు విడిగా ఊడొచ్చేది), డిస్కుకి కరెంటిచ్చే దాని సాటా కేబుల్ కొంచెం పొడుగ్గా, చక్కగా ఉంది. పాత ఎస్‌ఎస్‌డీకి అదే పెడదామని కొత్త దాంట్లోకి దూర్చాను, దూరింది కూడా. తమ్ముడు చెయ్యి పట్టుకుని లాగేశాడు. డిస్కు వైపు చివర అందరిదీ ఒకటే, పవర్ సప్లై వైపు చివర మాత్రం ఏ కంపెనీ పద్ధతి దానిదే, ఒకే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి మారొచ్చు. 5 వోల్టులు రావాల్సిన తీగలో 12 వస్తే డిస్కు, అందులోని ఫొటోలు అన్నీ గోవిందా. కేబుల్ సరిగ్గా దూరింది కాబట్టి సరైనదే అనుకోవడం ఎంత తేలికో. పాత కేబుళ్లన్నీ పాత పవర్ సప్లైకే కట్టి అటక మీద పడేశాం.

సాయంత్రం ఏడింటికి బటన్ నొక్కా. ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ నల్లగా ఉంది. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చోట చిన్న లైటు. ఒక నిమిషం అయింది, ఏం లేదు. టెన్షన్ పట్టలేక ఆపేశా. మళ్లీ వేశా, మళ్లీ అదే. ర్యామ్ తీసి పెట్టా, రెండో స్లాటు, నాలుగో స్లాటు, సరిగ్గానే ఉన్నాయి. ముఖం కడుక్కుని వచ్చి బోర్డు పుస్తకం తెరిస్తే మొదటి పేజీల్లోనే ఉంది: మొదటిసారి మెమరీ ట్రైనింగ్‌కి (బోర్డు ర్యామ్‌తో సర్దుకోవడానికి) కొన్ని నిమిషాలు పట్టొచ్చు, మధ్యలో ఆపొద్దు. నేను చేసిందల్లా అదే పనిగా మధ్యలో ఆపడం. ఈసారి చేతులు కట్టుకుని కూర్చున్నాం. నాలుగు నిమిషాలకి బయోస్ వచ్చింది.

21వ రోజు

నిన్న రాత్రి గేమ్ పెట్టి చూస్తే బాగుంది, కానీ ఇంత ఖర్చుకి ఇంతేనా అనిపించింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, అన్నీ మంచివే వేసినా ఎక్కడో ఏదో పట్టేసింది. పొద్దున వెతికితే ఒకటి కాదు, రెండు దొరికాయి.

టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం 4800 చూపిస్తోంది. డబ్బా మీద రాసిన 6000 దానంతట అది రాదు, బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌లో ముందే రాసిపెట్టిన వేగం సెట్టింగ్) ఆన్ చెయ్యాలి. చేశా, మళ్లీ నిమిషంపైన నల్ల స్క్రీన్, ఈసారి భయపడలేదు.

రెండోది మరీ సిగ్గుచేటు. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే మానిటర్ 60 హెర్ట్జ్‌లో ఉంది. మారుద్దామంటే 165 లిస్టులోనే లేదు. వెనక్కి వంగి చూస్తే తగిలించి ఉన్నది పాత మానిటర్‌తో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్. కొత్తదాని డబ్బాలో డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కవర్ విప్పకుండా అలాగే ఉంది. అది పెట్టి 165 ఎంచుకున్నాక మౌస్ బాణాన్ని స్క్రీన్ మీద గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నా, గేమ్ పెట్టడం కూడా మర్చిపోయి.

24వ రోజు

జనం గుంపుగా ఉండే అదే వీధిలో నిలబడ్డా, ఈసారి 1440పీలో. 112 నుంచి 120 మధ్య. ఒక శాతం కనిష్ఠం 84. గంట ఆడాక కార్డు 66 డిగ్రీలు, ప్రాసెసర్ 71. ఈ 7600ని 95 దాకా పోయేలా చేశారు కాబట్టి ఇది చల్లనే.

చప్పుడే మిగిలింది. ముందు ఫ్యాన్లు నిమిషానికి 1,100 చుట్ల దగ్గర సన్నగా హోరు పెడుతున్నాయి, రాత్రి హెడ్‌ఫోన్స్ తీస్తే వినిపిస్తోంది. బయోస్‌లో 800కి దించితే కార్డు రెండు డిగ్రీలు ఎక్కింది, హోరు పోయింది. అలాగే ఉంచేశా. వెనక ఫ్యాన్ మాత్రం ఏ వేగంలోనైనా ఒక మూల టకటకమంటోంది, కేబుల్ తగులుతుందేమో అని విప్పి చూశా, కాదు. రేపు స్క్రూలు నాలుగూ వదులు చేసి మళ్లీ బిగించి చూడాలి.